జియాలజీ పీహెచ్‌డీకి అమెరికా బయల్దేరే ముందు: ఇక్కడే తెమల్చుకోవాల్సిన పనులు, వాటి వరుస

అమెరికా వెళ్లేవాళ్ల కోసం వాట్సాప్‌లో తిరిగే చెక్‌లిస్టులు ఎక్కువగా కంప్యూటర్ సైన్సు ఎంఎస్ వాళ్ల కోసం రాసినవి. ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్ దగ్గర్నుంచి దుప్పటి దాకా అన్నీ ఉంటాయి. ఎంఎస్సీలో ఏరిన రాళ్లను ఏం చేయాలి, బ్రంటన్ కంపాస్ అక్కడ పనికొస్తుందా, ఐదారేళ్లు పట్టే చదువని ఇంట్లో ఎలా చెప్పాలి అన్నవి మాత్రం ఉండవు. స్టైపెండ్‌తో సీటు వచ్చి, ఆగస్టులో సెమిస్టరు మొదలయ్యే జియాలజీ విద్యార్థి కోసం ఈ మార్గదర్శి.

మొత్తానికి ఒకటే లెక్క. మీరు స్వయంగా ఇక్కడ ఉంటే తప్ప జరగని పనులు ముందు, అక్కడి నుంచి కూడా చేయగలిగినవి తర్వాత. షాపింగ్ అన్నిటికన్నా చివర. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు.

## 1. ముందు పేరు సంగతి తేల్చుకోండి

పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, డిగ్రీలో పూర్తిగా, పాస్‌పోర్టులో మరోలా ఉండటం మన దగ్గర మామూలే. ఇంటిపేరు ముందా వెనకా అన్నది పెద్ద సమస్య కాదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో పడితేనే తంటా. అప్పుడు వీసాలో మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని వస్తుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. ఆ తర్వాత సోషల్ సెక్యూరిటీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా అన్నిటిలో అదే మీ పేరుగా వెంటపడుతుంది.

మీ పాస్‌పోర్టు ఇలాగే ఉంటే ఐ-20 (విద్యార్థి వీసా కోసం వర్సిటీ ఇచ్చే పత్రం) కోసం వివరాలు పంపకముందే రీఇష్యూకి పెట్టండి. ఐ-20 వచ్చాక పాస్‌పోర్టు మారిస్తే ఐ-20 కూడా మళ్లీ తీసుకోవాలి.

పేపర్ల మీద ఏ పేరు వేసుకోవాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఎంఎస్సీ పని మీద ఒక కాన్ఫరెన్సు అబ్‌స్ట్రాక్టు ఇంటిపేరు ముందుపెట్టి, రేపు అక్కడ వేసే పేపరు ఇంటిపేరు చివరపెట్టి వస్తే వెతికేవాళ్లకు ఇద్దరు మనుషులుగా కనిపిస్తారు. పరిశోధకులకు గుర్తింపుగా ఉచితంగా దొరికే ఓర్కిడ్ నంబరు తీసుకుని పాత పనులన్నీ దాని కింద చేర్చండి. అరగంట పని.

## 2. ఐ-20 నుంచి వీసా దాకా: ఏది ముందు, ఏది తర్వాత

స్టైపెండ్‌తో వచ్చిన ఆఫర్లకు చాలా అమెరికన్ వర్సిటీలు ఏప్రిల్ 15ను గడువుగా పాటిస్తాయి. ఆ తేదీకి ఒకచోట ఒప్పుకోండి, మిగతాచోట్ల వద్దని అదే రోజు రాసేయండి. మీరు వదిలిన సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్న మరొకరికి వెళ్తుంది.

తర్వాతి వరుస ఇది:

1. ఆఫర్ లెటర్ చదవండి. ఫీజు మాఫీ, స్టైపెండ్, ఆరోగ్య బీమా మూడూ రాతలో ఉన్నాయా చూడండి. స్టైపెండ్ 9 నెలలకా 12 నెలలకా అన్నది జియాలజీకి చాలా ముఖ్యం, ఎందుకంటే ఫీల్డ్‌వర్క్ ఎక్కువగా వేసవిలోనే. 9 నెలలే అయితే వేసవి జీతం, ప్రయాణ ఖర్చు ఎవరు పెడతారో అడ్వైజర్‌ని ఇప్పుడే మెయిల్‌లో అడగండి.
2. ఐ-20 రాగానే పేరు, పుట్టిన తేదీ, కోర్సు స్థాయి, నిధుల అంకెలు సరిచూసి సంతకం పెట్టండి.
3. సెవిస్ (అమెరికా ప్రభుత్వం విదేశీ విద్యార్థులను నమోదు చేసే వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు కట్టి రసీదు ప్రింట్ తీసుకోండి.
4. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 నింపండి. గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ అందులో చెప్పాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా దరఖాస్తుదారులు ఆ ఖాతాలను పబ్లిక్‌గా ఉంచాలని కాన్సులేట్లు అడుగుతున్నాయి. 
5. వీసా ఫీజు 185 డాలర్లు కట్టి వేలిముద్రలకు ఒకటి, ఇంటర్వ్యూకి ఒకటి స్లాట్లు తీసుకోండి. బుకింగ్‌లో ఇచ్చిన డీఎస్-160 నంబరు, ఇంటర్వ్యూకి పట్టుకెళ్లే కాగితం మీది నంబరు ఒకటే కావాలి. ఫారం మళ్లీ నింపి పాత నంబరు మార్చడం మర్చిపోతే గేటు దగ్గర్నుంచే వెనక్కి రావాల్సి రావచ్చు.

హైదరాబాద్ కాన్సులేట్‌లో స్లాటు లేకపోతే చెన్నై, ముంబై, ఢిల్లీ, కోల్‌కతా చూడండి. వేరే దేశానికి వెళ్లి ఇంటర్వ్యూ ఇచ్చే దారి 2025 సెప్టెంబరు నుంచి దాదాపు మూసుకుపోయింది. ఎక్కడ ఉంటున్నారో, ఏ దేశ పౌరులో అక్కడే ఇవ్వాలన్నది ఇప్పటి నిబంధన.

టికెట్ మాత్రం వీసా స్టాంపు పడ్డాకే. ఐ-20లో ఉన్న కోర్సు ప్రారంభ తేదీకి 30 రోజులకంటే ముందు దేశంలోకి రానివ్వరు. ఆ 30 రోజుల్లోనే దిగేలా చూసుకోండి.

## 3. మీ పరిశోధన గురించి ఎలా చెప్పాలి

జియాలజీ వాళ్లకు ఇంటర్వ్యూలో ఇరుక్కునే చోటు ఒకటుంది. రిమోట్ సెన్సింగ్, ఐసోటోపులు, యురేనియం-లెడ్ డేటింగ్ లాంటి మాటలు వినపడితే అధికారి అదనపు పరిశీలనకు పంపవచ్చు. అప్పుడు 221జీ అనే చీటీ ఇస్తారు. అది తుది తిరస్కరణ అని కంగారుపడనక్కర్లేదు, అదనపు కాగితాలో పరిశీలనో మిగిలి ఉందన్నమాట. వారాలు పట్టవచ్చు.

దీనికి మందు విషయం దాచడం కాదు. దాస్తే వ్యవహారం ముదురుతుంది. సామాన్యుడికి అర్థమయ్యేలా రెండు వాక్యాలు సిద్ధం చేసుకోండి. ‘కొండ రాళ్లలో ఉండే చిన్న ఖనిజ కణాల వయసు లెక్కగడతాను. ఆ కొండలు ఎప్పుడు పైకి లేచాయో దాంతో తెలుస్తుంది.’ ఈ పాటి చాలు. ‘యురేనియం-లెడ్ జియోక్రోనాలజీ’ అని మొదలుపెడితే ఎదుటివాళ్లకు వినపడేది ఒక్క యురేనియమే.

ముందే ఫోల్డర్‌లో పెట్టుకోవాల్సినవి:

- ఒక పేజీ పరిశోధన సారాంశం, సులువైన ఇంగ్లిష్‌లో
- పూర్తి సీవీ, పేపర్ల జాబితాతో
- అడ్వైజర్ సంతకం చేసిన లేఖ: ప్రాజెక్టు ఏమిటి, నిధులు ఎవరివి, పని ఎక్కడ
- స్టైపెండ్ అంకె ఉన్న ఆఫర్ లెటర్

ఈ నాలుగూ ఉంటే చీటీ చేతికొచ్చిన సాయంత్రమే జవాబు పంపేయవచ్చు.

## 4. ఎవరికి, ఏ వరుసలో చెప్పాలి

సీటు వచ్చిందన్న ఆనందంలో ముందు స్టేటస్ పెట్టడం, తర్వాత గైడ్‌కి చెప్పడం చాలామంది చేసే పొరపాటు. వరుస ఇలా పాటించండి.

గైడ్, సిఫార్సు లేఖలు ఇచ్చినవాళ్లు. స్టేటస్‌లో చూసి తెలుసుకోకూడని మనుషులు వీళ్లే. ఎక్కడికి, ఎవరి దగ్గరికి, ఏ పని మీద అన్నది రాయండి. మిగిలిపోయిన పేపరు ఉంటే ఏ తేదీకి ఏ భాగం ఇస్తారో అందులోనే చెప్పండి. జులై తర్వాత తేదీ వేయకండి, జరగదు.

ఉద్యోగం చేస్తుంటే ఆఫీసు. వీసా చేతికొచ్చాకే రాజీనామా. నోటీసు పీరియడ్ రెండు మూడు నెలలైతే మాత్రం లెక్క ముందే వేసుకోవాలి. రిలీవింగ్ లెటర్, అనుభవ ధ్రువపత్రం చేతికి రాకుండా విమానం ఎక్కకండి. గనుల కంపెనీల్లో సైట్ ఒకచోట, హెచ్ఆర్ ఇంకోచోట ఉంటాయి కాబట్టి కాగితాలు కదలడానికి టైం పడుతుంది.

ఇంట్లోవాళ్లు. మూడు విషయాలు దాచకుండా చెప్పండి: పట్టే కాలం (ఐదేళ్లు, ఒక్కోసారి ఆరు), డబ్బు (జీతం కాదు, స్టైపెండ్, ఇంటికి పంపేంత మిగలదు), రాకపోకలు (సంక్రాంతికి రావడం కుదరదు, వేసవిలో ఫీల్డ్ ఉంటే జులైలోనూ కుదరదు). ఫీల్డ్‌లో రోజుల తరబడి ఫోన్ సిగ్నల్ ఉండకపోవచ్చని కూడా ఇప్పుడే చెప్పి ఉంచండి. లేకపోతే మొదటి ఫీల్డ్ ట్రిప్పుకే అమ్మానాన్నలు మీ రూమ్మేట్లకు ఫోన్లు కొడతారు.

పెళ్లి మాట. వస్తుంది. సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఎవరికీ తెలియని లెక్కలు రెండున్నాయి. మీతో వచ్చే జీవిత భాగస్వామికి ఇచ్చే ఎఫ్-2 వీసా మీద ఉద్యోగం చేయకూడదు. ఆధారపడేవాళ్లు ఉంటే ఐ-20లో వాళ్ల ఖర్చుకు కూడా నిధులు చూపాలి, స్టైపెండ్ ఒక్కటే దానికి సరిపోకపోవచ్చు. ఉద్యోగం చేస్తున్న అమ్మాయికైనా అబ్బాయికైనా ‘అక్కడికి వచ్చాక ఏదో ఒకటి చూసుకోవచ్చు’ అని చెప్పడం మోసం కిందే లెక్క. బయల్దేరే ముందే పెళ్లి ఖాయమైతే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వెంటనే తీసుకోండి. పత్రిక, ఫొటోలు దానికి ప్రత్యామ్నాయం కావు.

చుట్టాలకూ స్నేహితులకూ ఎప్పుడు చెప్పినా ఒకటే. ‘రాళ్ల మీద పీహెచ్‌డీ ఏంటి, గవర్నమెంటు జియాలజిస్టు పరీక్ష రాయొచ్చుగా’ అనేవాళ్లకు వివరణ బాకీ లేదు.

## 5. రాళ్లు, థిన్ సెక్షన్లు, డేటా

సరదా జాబితాల్లో ఎక్కడా దొరకని విభాగం ఇది. తప్పులు జరిగేదీ ఇక్కడే.

ముందు ఎవరి సొత్తో తేల్చండి. డిపార్ట్‌మెంటు డబ్బుతో ఏరిన నమూనాలు, చేయించిన థిన్ సెక్షన్లు (మైక్రోస్కోపులో చూడటానికి గాజు మీద అతికించిన పలుచని రాతి ముక్కలు) డిపార్ట్‌మెంటువే. పీహెచ్‌డీలో వాడాలనుకుంటే గైడ్ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. వదిలి వెళ్లేవాటికి ఒక పట్టిక తయారు చేయండి: నమూనా నంబరు, అక్షాంశ రేఖాంశాలు, రాయి రకం, ఏ అల్మరాలో ఏ డబ్బా. రెండేళ్ల తర్వాత రివ్యూయర్ ‘ఆ చార్నకైట్ నమూనా మళ్లీ చూడాలి’ అన్నప్పుడు ఆ పట్టిక ఒక్కటే ఆధారం.

తీసుకెళ్లే రాళ్ల విషయంలో అమెరికా కస్టమ్స్ భయపడేది మట్టికి. అక్కడి వ్యవసాయ శాఖ అనుమతి లేకుండా మట్టి దేశంలోకి రానివ్వరు. కాబట్టి:

1. రాయిని నీళ్లలో నానబెట్టి గట్టి బ్రష్‌తో రుద్దండి. పగుళ్లలో ఇరుక్కున్న మట్టిని పాత టూత్‌బ్రష్‌తో తీయండి.
2. వెదరింగ్ అయిన (ఎండకూ వానకూ పాడైన) పైపొర ఉంటే చెక్కేసి లోపలి తాజా భాగమే తీసుకెళ్లండి. బరువు కూడా తగ్గుతుంది.
3. రెండు మూడు రోజులు ఎండబెట్టి, ఒక్కోదానికి లేబుల్ వేసి విడివిడిగా చుట్టండి.
4. ఇవి పరిశోధన కోసం, అమ్మకానికి కాదు అని రెండు వర్సిటీల లేఖలు జత చేయండి.
5. దిగాక డిక్లరేషన్‌లో చెప్పండి. చెప్పినవాళ్లకు చూసి పంపిస్తారు, చెప్పనివాళ్లకు జరిమానా పడుతుంది.

ఫీల్డ్ బూట్లకూ ఇదే సూత్రం. అడుగు గాళ్లలో ఇరుక్కున్న ఎర్రమట్టిని పుల్లతో తీసి కడగండి.

పొడి చేసిన నమూనాలు తెల్లగా, చిన్న ప్లాస్టిక్ సంచుల్లో ఉంటాయి. స్కానర్ దగ్గర ఎలా కనిపిస్తాయో ఊహించుకోండి. తప్పనిసరైతే లేబుల్, లేఖలతో చెక్-ఇన్‌లో పెట్టండి. వీలైతే వర్సిటీ నుంచి వర్సిటీకి కొరియర్ మేలు. థిన్ సెక్షన్లు మాత్రం గాజువి కాబట్టి స్లైడ్ డబ్బాలో పెట్టి క్యాబిన్ బ్యాగులోనే.

అసలు పెట్టకూడనివి:

- భీమిలి, కళింగపట్నం, భావనపాడు తీరాల నల్ల ఇసుక. అందులో థోరియం ఉండే మోనజైట్ ఉంటుంది, అది అణుశక్తి చట్టం కింద నియంత్రిత పదార్థం. గుర్తుగా చిన్న సీసా కూడా వద్దు.
- సంస్థ అనుమతి లేని శిలాజాలు
- కాల్సైట్ పరీక్షకు వాడే హైడ్రోక్లోరిక్ ఆసిడ్ సీసా, ఖాళీదైనా సరే
- నియంత్రిత వర్గానికి చెందిన సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు

ఫీల్డ్ నోటుబుక్కులు ప్రతి పేజీ స్కాన్ చేసి రెండుచోట్ల దాచండి. అసలువి ఇంట్లో ఉంచండి. కాలేజీ మెయిల్ ఖాతా మూసేసేలోగా అందులోని డేటా, గైడ్‌తో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు దించుకోండి.

## 6. కంపాస్, పనిముట్లు

సుత్తి కొనుక్కుని వెళ్లకండి. అందరూ వాడే ఎస్ట్‌వింగ్ అమెరికా సరుకే, అక్కడే చవక. ఉన్నది పట్టుకెళ్లాలంటే చెక్-ఇన్‌లోనే. క్యాబిన్‌లో పెడితే సెక్యూరిటీ దగ్గరే ఉంచేసుకుంటారు. 10 రెట్లు పెద్దది చేసే హ్యాండ్ లెన్సు తీసుకెళ్లండి, అలవాటైన లెన్సు విలువ వేరు.

కంపాస్ దగ్గర కాస్త ఆగాలి. మన దగ్గర అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా హైదరాబాద్‌లో సుమారు ఒక డిగ్రీ. అందుకే ఇక్కడ ఎవరూ దాన్ని పట్టించుకోరు, కంపాస్‌లో సరిచేసే అలవాటే ఉండదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో అది తూర్పుకు 15 డిగ్రీల దాకా, మెయిన్ రాష్ట్రంలో పడమరకు సుమారు 15 డిగ్రీలు ఉంటుంది. వాషింగ్టన్‌లో సరిచేయకుండా స్ట్రైక్ (వాలిన పొర అడ్డంగా సాగే దిక్కు) 040 అని రాసుకుంటే అసలు విలువ 055. రోజంతా తీసిన కొలతలన్నీ అలాగే పక్కకు జరిగి మ్యాపు మీద పొరలు కలవవు, తప్పు ఎక్కడుందో సాయంత్రానికి గానీ తట్టదు.

ఇంకో చిక్కు: ముల్లు వాలు. భూమి అయస్కాంత రేఖలు హైదరాబాద్ దగ్గర కొద్దిగానే కిందికి వాలతాయి, అమెరికాలో చాలాచోట్ల 60 డిగ్రీలు దాటి వాలతాయి. ఇక్కడ సమతూకం చేసిన ముల్లు అక్కడ ఉత్తరపు కొనతో కిందికి వంగి గాజుకో అడుగుకో రాసుకుంటుంది. తిరగకుండా పట్టేస్తుంటే కంపాస్ పాడైందనుకోకండి. బ్రంటన్ అయితే గాజు తీసి, ముల్లు దక్షిణపు చేతికి చుట్టిన సన్నని రాగి తీగను కొద్దికొద్దిగా కొనవైపు జరపండి. ముల్లు మళ్లీ సమతలానికి వస్తుంది. తీగ జరపడానికి వీల్లేని చవక క్లైనోమీటర్ కంపాస్‌ను మోసుకెళ్లడం దండగ.

బయల్దేరే ముందు అలవాటు చేసుకోవాల్సినవి ఇంకో రెండు. కొలతలు ‘ఉత్తరం 40 తూర్పు’ పద్ధతిలో రాసే చేతిని 0 నుంచి 360 పద్ధతికి, కుడిచేతి నియమానికి మార్చండి: స్ట్రైక్ దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే పొర మీ కుడివైపు వాలాలి. అలాగే 1:50,000 మీటర్ల టోపోషీటు చూసిన కంటికి అక్కడి 1:24,000 అడుగుల కాంటూర్ల షీటు మొదట్లో తికమక పెడుతుంది. ఆ షీట్లు అమెరికా జియలాజికల్ సర్వే సైట్‌లో ఉచితం. నాలుగు దించుకుని ప్రొఫైల్ గీసి చూడండి.

సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు గుర్తుండాల్సింది కూడా ఇక్కడే చెప్పాలి. అక్కడి ఫీల్డ్ బృందాల్లో గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్లు మామూలు. అనుమతి లేకుండా శాటిలైట్ పరికరాలు మన దేశంలోకి తేవడం నేరం, విమానాశ్రయాల్లో అరెస్టులు జరిగాయి. దాన్ని ల్యాబ్‌లో వదిలి రండి.

## 7. కారు నేర్చుకోండి

ఫీల్డ్‌కి వెళ్లేది కారులో, పికప్‌లో. డ్రైవింగ్ రాని విద్యార్థి ప్రతి ట్రిప్పుకూ ఇంకొకరి మీద ఆధారపడాలి. బైకు లైసెన్సు లెక్కలోకి రాదు. మే, జూన్‌లలో కారు నేర్చుకుని లైసెన్సు తీసుకోండి. వీసా వచ్చాక ఆర్టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కి పెట్టండి. అది ఏడాది చెల్లుతుంది. వర్సిటీ బండ్లకు మాత్రం అక్కడి లైసెన్సే అడిగే చోట్లు ఎక్కువ కాబట్టి దిగిన రాష్ట్రపు డ్రైవర్ మాన్యువల్ ముందే చదివిపెట్టుకోండి.

## 8. ఒళ్లు, పళ్లు, టీకాలు

విద్యార్థుల ఆరోగ్య బీమాలో పళ్లు, కళ్లు చాలాచోట్ల కలవవు. పుచ్చుపన్ను, జ్ఞానదంతం ఇక్కడే చూపించుకోండి. రెండు జతల కళ్లద్దాలు, ఒకటి ఫీల్డ్‌కి.

వర్సిటీ టీకాల ఫారంలో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులు దాదాపు అన్నిచోట్లా అడుగుతారు. చిన్నప్పటి కార్డు దొరక్కపోతే వెతుకుతూ కూర్చోకుండా మళ్లీ వేయించుకోండి. రెండు డోసుల మధ్య కనీసం 28 రోజులు ఉండాలి కాబట్టి జూన్‌లోనే మొదలుపెట్టాలి.

క్షయ పరీక్ష అడిగితే చర్మం మీద చేసేది కాకుండా రక్త పరీక్ష చేయించండి. పుట్టగానే బీసీజీ వేయించుకున్నవాళ్లకు చర్మ పరీక్షలో జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు. అక్కడ చేసినా ఇదే మాట అడగండి.

## 9. డబ్బు, బ్యాంకు, సంతకాలు

మొదటి స్టైపెండ్ సెప్టెంబరు చివరికో ఇంకా ఆలస్యంగానో వస్తుంది. ఈలోగా అద్దె, డిపాజిట్, మాఫీ కాని విద్యార్థి ఫీజులు కట్టాలి. రెండు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి. నోట్ల రూపంలో 3,000 డాలర్లకు మించి కొనలేరు, మిగతాది ఫారెక్స్ కార్డులో.

చదువుకు వెళ్లినవాళ్లు కూడా ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) కింద ఎన్ఆర్ఐలే. మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (ఎన్ఆర్ఐల రూపాయి ఖాతాగా) మార్చాలి. బ్రాంచికి వెళ్లి కాగితాలు ఇచ్చి రండి. ఓటీపీలు వచ్చే ఇండియా నంబరును రోమింగ్‌తో బతికించుకోండి, నెలల తరబడి రీచార్జి లేకపోతే నంబరు చేజారుతుంది, దాంతోపాటు బ్యాంకూ ఆధారూ.

మీ పేరు మీద పొలమో ప్లాటో ఉంటే నమ్మకస్తులకు పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడే ఇవ్వండి. ఏ పనికో ఆ పనికే పరిమితం చేసి రాయించండి. అక్కడి నుంచి పంపాలంటే అధికారిక ధ్రువీకరణ కావాలి, పత్రం ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి.

ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), కన్సాలిడేటెడ్ మెమో ఒరిజినల్స్, సీల్డ్ ట్రాన్స్‌క్రిప్టులు రెండు మూడు కవర్లు తీసుకోండి. వర్సిటీ పరీక్షల విభాగం చుట్టూ మీ బదులు నాన్నగారు తిరగాల్సి రాకూడదు.

## 10. దిగాక మొదటి పది రోజులు

- ఐ-20, పాస్‌పోర్టు, ఆఫర్ లెటర్ క్యాబిన్ బ్యాగులో. నాన్‌వెజ్ పచ్చళ్లు ఇంట్లోనే.
- ఐ-94 (అమెరికాలోకి ప్రవేశించిన రికార్డు) ఆన్‌లైన్‌లో తీసి పేరు, ఎఫ్-1 అని, గడువు చోట ‘డీ/ఎస్’ (విద్యార్థి హోదా ఉన్నంత కాలం) అని ఉందా చూడండి. తప్పుంటే వెంటనే విదేశీ విద్యార్థుల ఆఫీసుకు చెప్పండి.
- అదే ఆఫీసులో చెక్-ఇన్ చేసి సెవిస్ నమోదు అయిందో లేదో అడగండి. కోర్సు ప్రారంభ తేదీ నుంచి 30 రోజుల్లో అది జరగకపోతే వీసా హోదాకే ఎసరు.
- నమోదు అయిన రెండు రోజులకు, అసిస్టెంట్‌షిప్ లేఖతో సోషల్ సెక్యూరిటీ నంబరుకు వెళ్లండి.
- పేరోల్‌లో ఇండియా-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం సంగతి అడగండి. దాని ప్రకారం భారతీయ విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు, మిగతా దేశాల విద్యార్థుల్లో చాలామందికి అది లేదు. పేరోల్ వాళ్లకే తెలియని సందర్భాలు ఉంటాయి, కాబట్టి అధికరణం నంబరుతో సహా అడగండి.
- అడ్వైజర్‌ని కలిసిన మొదటి రోజే వచ్చే వేసవి ఫీల్డ్ ఎక్కడో కనుక్కోండి. అది అమెరికా బయట అయితే తిరిగి రావడానికి ఐ-20 మీద ప్రయాణ సంతకం కావాలి, ఆ దేశపు వీసాకు హైదరాబాద్ నుంచి ఏదైనా కాగితం తెప్పించాల్సి రావచ్చు.